గ్రామీణ ఫైబర్ నెట్‌వర్క్ ప్రమాణాలు: జీపాన్, ఐపీ-ఎంపీఎల్‌ఎస్ విధానాల తులనాత్మక పరిశీలన (కుసుమంచి, భద్రాచలం ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ ద్వారా ఇంటర్నెట్ అందించే భారత్‌నెట్ పథకం మొదటిదశలో జీపాన్ అనే ప్రమాణాన్ని స్వీకరించింది. 2023లో ఆమోదం పొందిన సవరించిన పథకం ఐపీ-ఎంపీఎల్‌ఎస్ ఆధారిత వలయనిర్మాణాన్ని ఎంచుకొంది. ఈ మార్పు వెనుక ఉన్న సాంకేతిక కారణాలను, ఈ రెండింటికీ పోటీగా నిలిచిన ఈపాన్ ప్రమాణాన్ని, ఆయా విధానాల గుణదోషాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకే ప్రమాణం కుసుమంచి వంటి మైదానమండలానికీ, చర్ల వంటి అటవీమండలానికీ సమానంగా సరిపోతుందా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: భారత్‌నెట్, టీ-ఫైబర్, జీపాన్, ఈపాన్, ఎంపీఎల్‌ఎస్, వలయనిర్మాణం, కుసుమంచి, పాలేరు.

1. ఉపోద్ఘాతం:
ఖమ్మం నుండి సూర్యాపేటకు వెళ్ళే రహదారిపై ఉన్న మండలకేంద్రం కుసుమంచి. కాకతీయుల కాలంనాటి శివాలయాల వల్ల చరిత్రకారులకు, పాలేరు జలాశయం వల్ల నీటిపారుదల ఇంజనీర్లకు ఈ ప్రాంతం సుపరిచితం. పాలేరు నాగార్జునసాగర్ ఎడమకాలువపై ఉన్న బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. మిషన్ భగీరథ తాగునీటి పథకానికి కూడా ఇది ఒక నీటివనరు. కంప్యూటర్ నెట్‌వర్కుల గురించిన వ్యాసంలో జలాశయం ప్రస్తావన ఎందుకన్న సందేహం కలగవచ్చు. దీనికి రెండు కారణాలున్నాయి. కాలువనీటి పంపకానికీ, ఫైబర్‌లో సమాచారపు పంపకానికీ నిర్మాణంలో దగ్గరి పోలిక ఉండడం మొదటిది. భగీరథ గొట్టాలకోసం తవ్వే కందకాలలోనే ఫైబర్ డక్టులు కూడా వేయాలన్నది తెలంగాణ ఫైబర్ గ్రిడ్ సంస్థ, అనగా టీ-ఫైబర్, తొలి ఆలోచన కావడం రెండవది. నీరు, సమాచారం ఒకే కందకంలో ప్రయాణించే ఏర్పాటు ఇది. దీని పర్యవసానం 5వ విభాగంలో చర్చకు వస్తుంది.

నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన పథకమే తరువాత భారత్‌నెట్ అయింది. దాదాపు 2.5 లక్షల గ్రామపంచాయతీలకు, ఒక్కొక్కదానికి 100 మెగాబిట్ల వేగం అందించడం దాని లక్ష్యం. బ్లాకుకేంద్రం నుండి పంచాయతీ వరకు ఉన్న ఈ చివరి అంచెలో ఏ ప్రమాణాన్ని అనుసరించాలన్నది పైకి ఇంజనీర్ల వ్యవహారంగా కనిపించినా, ఒక పంచాయతీ కార్యాలయంలో, పాఠశాలలో, ఆరోగ్య ఉపకేంద్రంలో సేవ నిలుస్తుందా ఆగుతుందా అన్నది దానిపైనే ఆధారపడి ఉంటుంది.

2. ప్రమాణాల పోటీ - పూర్వరంగం:
నెట్‌వర్క్ ప్రమాణాల చరిత్రలో రెండు ఇంజనీరింగ్ సంప్రదాయాలు తరచు ఎదురుపడుతూ వచ్చాయి. ఒకటి టెలిఫోన్ రంగానిది. కేంద్రంలో నియంత్రణ, ముందుగానే హామీ ఇచ్చిన నాణ్యత, అంతర్జాతీయ సంఘంలో సుదీర్ఘచర్చ తరువాత వెలువడే ప్రమాణపత్రం దాని లక్షణాలు. రెండవది కంప్యూటర్ రంగానిది. సమాచారాన్ని చిన్న పొట్లాలుగా విడగొట్టి పంపడం, తెలివిని కేంద్రంలో గాక అంచులలో ఉంచడం, ముందు నడిపి చూసి తరువాత ప్రమాణంగా రాసుకోవడం దీని పద్ధతి.

మనదేశంలో ఈ రెండూ ఒకే తీగపై కలిసి నడిచిన సందర్భం ఎర్నెట్. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రారంభించిన ఈ విద్యాపరిశోధన నెట్‌వర్కులో ఐదు ఐఐటీలు, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ, ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం తొలి భాగస్వాములు. అప్పటికి ఏడంచెల ఓఎస్ఐ నమూనా అంతర్జాతీయ ప్రమాణంగా 1984లోనే వెలువడింది. అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారిపోయింది. ఏది నిలుస్తుందో తెలియని కాలం కాబట్టి ఎర్నెట్ తన వెన్నెముక లైన్లపై రెండు ప్రోటోకాళ్ళనూ నడిపింది. 1995 నుండి దానిలో దాదాపు మొత్తం రాకపోకలు టీసీపీ/ఐపీ పైనే సాగాయి. ఎవరూ ఓఎస్ఐని నిషేధించలేదు. వాడుకదారులే దానిని విడిచిపెట్టారు.

అయితే ఓడిన ప్రమాణం పూర్తిగా అంతరించిందనుకోవడం పొరపాటు. ఓఎస్ఐ కుటుంబంలో పుట్టిన ఐఎస్-ఐఎస్ అనే మార్గనిర్ణయ ప్రోటోకాల్ నేటికీ పెద్ద టెలికాం సంస్థల ఐపీ-ఎంపీఎల్‌ఎస్ నెట్‌వర్కులలో విరివిగా పనిచేస్తూనే ఉంది. వెబ్‌సైట్ల భద్రతాపత్రాల రూపాన్ని నిర్ణయించే ఎక్స్.509 కూడా ఆ వంశానిదే. పాఠ్యపుస్తకాలలో ఓఎస్ఐని కేవలం ఏడంచెల పటంగా బోధించి వదిలివేయడం వల్ల విద్యార్థులకు ఈ కొనసాగింపు అందడం లేదు.

3. జీపాన్, ఈపాన్ - వంతులవారీ పంపకం:
ఒకే ఫైబరును మధ్యలో విద్యుత్తు అవసరంలేని కాంతివిభాజకంతో, అనగా స్ప్లిట్టర్‌తో, అనేక శాఖలుగా చీల్చి పలువురికి పంచే ఏర్పాటును పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ అంటారు. బ్లాకుకేంద్రంలో ఒక ప్రధానయంత్రం (ఓఎల్‌టీ), ప్రతి పంచాయతీలో ఒక చివరియంత్రం (ఓఎన్‌టీ) ఉంటాయి. నిర్మాణం చెట్టువంటిది. కాండం ఒకటే, కొమ్మలు అనేకం.

ఈ ఏర్పాటుకు రెండు పోటీప్రమాణాలు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. అంతర్జాతీయ టెలికాం సంఘం 2003 నుండి జి.984 వరుసలో జీపాన్‌ను వెలువరించింది. ఈథర్నెట్‌ను రూపొందించిన ఐఈఈఈ సంస్థ 2004లో 802.3ఏహెచ్‌లో ఈపాన్‌ను ఆమోదించింది. పై విభాగంలో చెప్పిన రెండు సంప్రదాయాలే ఇక్కడ మళ్ళీ తలపడ్డాయి. జపాన్ ఈపాన్ వైపు మొగ్గగా, అమెరికా, ఐరోపా సంస్థలు ఎక్కువగా జీపాన్‌ను ఎంచుకొన్నాయి.

వేగంలో జీపాన్‌దే పైచేయి. దిగువకు సెకనుకు 2.488 గిగాబిట్లు, ఎగువకు 1.244 గిగాబిట్లు. ఈపాన్ ఇరువైపులా 1.25 గిగాబిట్ల రేఖావేగంతో నడుస్తుంది కాని, ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపే సంకేతపద్ధతి వల్ల అందులో 1 గిగాబిట్ మాత్రమే నికరం. భద్రతలోనూ తేడా ఉంది. దిగువకు వచ్చే కాంతి స్ప్లిట్టర్ ద్వారా అన్ని శాఖలకూ చేరుతుంది గనుక ఒక ఊరి సమాచారం పొరుగూరి యంత్రం వరకు భౌతికంగా వస్తుంది. జీపాన్ ప్రమాణంలోనే ఏఈఎస్ గూఢలేఖనం ఉంది. 802.3ఏహెచ్ దానిని నిర్దేశించకుండా తయారీదారులకు వదిలివేసింది. ఈపాన్ బలం దాని సరళతలో ఉంది. అది మామూలు ఈథర్నెట్ చట్రాలనే మార్పులేకుండా మోస్తుంది. జీపాన్ వాటిని 125 మైక్రోసెకన్ల చట్రంలో జెమ్ అనే మరో పొరలో చుట్టి పంపుతుంది. ఈ 125 మైక్రోసెకన్లు పాత టెలిఫోన్ వ్యవస్థ నుండి వచ్చిన కొలత.

ఎగువదిశలో రెండింటి సూత్రమూ ఒక్కటే. అన్ని పంచాయతీల కాంతీ ఒకే కాండంలోకి చేరాలి కాబట్టి ఎవరి వంతు వచ్చినప్పుడు వారే పంపాలి. సాగర్ ఆయకట్టు రైతులకు ఇది కొత్త విషయం కాదు. నీరు చాలని ఏడాది అమలయ్యే వారబందీ ఇదే. భేదమల్లా, కాలువమీద వంతు రోజులలో ఉంటే ఇక్కడ మైక్రోసెకన్లలో ఉంటుంది. పైగా ప్రధానయంత్రం ప్రతి శాఖ ఎంత సమాచారంతో వేచి ఉందో అడిగి తెలుసుకొని వంతు నిడివిని అప్పటికప్పుడు సవరిస్తుంది. కాలువ గేట్లకు ఆ వెసులుబాటు ఉన్నట్లయితే చివరి భూముల కష్టం కొంత తీరేది.

లెక్క చూస్తే మరో సంగతి తేలుతుంది. ఒక జీపాన్ కాండం నుండి ప్రతి పంచాయతీకి ఏకకాలంలో 100 మెగాబిట్లు ఇవ్వాలంటే దిగువదిశలో 24 పంచాయతీలకు మించి వేలాడదీయలేము. ఎగువదిశలో అయితే 12 దగ్గరే ఆగాలి. ప్రమాణం 64 శాఖలను అనుమతిస్తుందన్న మాట నిజమే. 64 చేస్తే ఒక్కొక్కరికి దక్కేది 39 మెగాబిట్లకు లోపే.

4. చివరి ఆయకట్టు సమస్య:
కాలువ చివరి పొలానికి నీరు చేరకపోవడం వంటిదే కాంతినష్టం. జీపాన్‌లో విరివిగా వాడే బి-ప్లస్ తరగతి పరికరాలు 28 డెసిబెల్‌ల నష్టాన్ని మాత్రమే తట్టుకోగలవు. 64 శాఖల స్ప్లిట్టర్ వద్ద సిద్ధాంతరీత్యా 18, ఆచరణలో 20కి పైగా డెసిబెల్‌లు పోతాయి. 1310 నానోమీటర్ల వద్ద ఫైబర్ కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ చొప్పున 20 కిలోమీటర్లకు 7 డెసిబెల్‌లు తింటుంది. రెండూ కలిపితే 27 దాటింది. మిగిలిన అర డెసిబెల్‌కు అటూఇటూ ఉన్న మొత్తంలోనే కనెక్టర్లు, అతుకులు అన్నీ సర్దుకోవాలి. ఒక మంచి ఫ్యూజన్ అతుకుకు 0.1 డెసిబెల్ అనుకొంటే ఐదు అతుకులతో ఖాతా ఖాళీ అవుతుంది. కేబుల్ కొన్ని కిలోమీటర్ల డ్రమ్ములుగా వస్తుంది గనుక 20 కిలోమీటర్ల దారిలో వేసిననాడే అన్ని అతుకులూ ఉంటాయి. తరువాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు, కల్వర్టు కట్టినప్పుడు, పొలంగట్టు జరిపినప్పుడు తెగిన ప్రతిచోటా మరో రెండు అతుకులు చేరుతాయి. కాబట్టి 20 కిలోమీటర్లు, 64 శాఖలు అనే రెండు గరిష్ఠాలు ప్రమాణపత్రంలో పక్కపక్కనే కనిపించినా, గ్రామీణమార్గంలో ఒకేసారి సాధ్యమయ్యేవి కావు. 32 శాఖలకు దిగితే మూడు డెసిబెల్‌లు మిగులుతాయి. బోధనలో ఈ కూడికను ఒకసారి విద్యార్థులచేత చేయించడం మంచిది.

భారత్‌నెట్ మొదటిదశలో అనుభవానికి వచ్చిన కష్టానికి ఇది ఒక ముఖం మాత్రమే. ఆ దశలో బ్లాకు నుండి కొంతదూరం అప్పటికే ఉన్న పాత ఫైబరును వాడుకొని, అది ఆగినచోటు నుండి పంచాయతీ వరకు మాత్రమే కొత్తది వేశారు. పాతదాని ఆరోగ్యం ఎలా ఉంటే కొత్తదాని ఫలితం అలా ఉంటుంది. పైగా నిర్మాణం ఏకరేఖ. కాండం తెగితే దాని ఆవల ఉన్న పంచాయతీలన్నీ ఒకేసారి చీకటవుతాయి.

5. వలయం - దాని హామీ, దాని షరతు:
సవరించిన భారత్‌నెట్ కార్యక్రమాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్ల అంచనాతో ఆమోదించింది. 2.64 లక్షల పంచాయతీలను వలయాకారంలో కలిపి, బ్లాకులలోనూ పంచాయతీలలోనూ రౌటర్లు ఉంచి, ఐపీ-ఎంపీఎల్‌ఎస్ నడపాలన్నది దాని రూపకల్పన. రాష్ట్రాల నేతృత్వంలో సాగిన రెండవదశలో తెలంగాణ ఇదే దిశలో ముందుగా అడుగువేసింది.

ఎంపీఎల్‌ఎస్ 2001లో ఆర్ఎఫ్‌సీ 3031గా స్థిరపడింది. పొట్లానికి ముందు ఒక చిన్న చీటీ అతికించి, దారిలోని రౌటర్లు పూర్తి చిరునామాను మళ్ళీమళ్ళీ వెతకకుండా ఆ చీటీని చూసి ముందుకు పంపే పద్ధతి ఇది. టెలిఫోన్ రంగపు ముందస్తు మార్గనిర్దేశాన్ని కంప్యూటర్ రంగపు పొట్లాలకు తొడిగిన సమన్వయం అనవచ్చు. గ్రామీణ నెట్‌వర్కుకు దీని ముఖ్యప్రయోజనం వేగం కాదు. ముందే సిద్ధంచేసిన ప్రత్యామ్నాయమార్గం. ఒకవైపు ఫైబర్ తెగితే దాదాపు 50 మిల్లీసెకన్లలో రాకపోకలను రెండవవైపుకు మళ్ళించవచ్చు.

ఎంత లాభమో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఈ అంకెలు క్షేత్రగణాంకాలు కావు, పోలికకోసం అనుకొన్నవి. ఒకే దారిలో 8 పంచాయతీలు ఉన్నాయి. ప్రతి ముక్క ఏదైనా ఒక క్షణంలో తెగి ఉండే అవకాశం 2 శాతం. ఏకరేఖలో చివరి పంచాయతీకి సేవ లేని అవకాశం 14.9 శాతం. అదే దారిని వెనక్కు తిప్పి తొమ్మిదవ ముక్కతో మండలకేంద్రానికి కలిపితే అది 0.3 శాతానికి తగ్గుతుంది. నాలుగవ పంచాయతీకి 7.8 నుండి 0.75 శాతానికి. తెగడమే ప్రధానశత్రువు అయినచోట వలయానికి సాటి లేదు.

కాని వలయంలోని ప్రతి పంచాయతీ రౌటర్ విద్యుత్తుతో నడిచే యంత్రం. పొరుగూరి సమాచారం దానిగుండానే పోవాలి. చెట్టునిర్మాణంలో స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కరలేదు కాబట్టి ఒక ఊరిలో కరెంటు పోతే ఆ ఊరే ఆగుతుంది. వలయంలో ఒకచోట పోతే ఇబ్బంది లేదు. రెండుచోట్ల పోతే ఆ రెండింటి నడుమ ఉన్న ఊళ్ళు, తమకు కరెంటు ఉన్నా, ఏకాకులవుతాయి. పై ఉదాహరణలోనే ప్రతి పంచాయతీలో యంత్రం ఆగి ఉండే అవకాశం 10 శాతం అనుకొంటే, నాలుగవ పంచాయతీ ఇతరుల కరెంటు వల్ల సేవ కోల్పోయే అవకాశం 9.3 శాతం. అది 2 శాతమైతే 0.5 శాతం కన్న తక్కువ. పక్కపక్క ఊళ్ళు తరచు ఒకే ఫీడర్ మీద ఉంటాయి, కరెంటు పోతే అన్నిటికీ కలిసే పోతుంది. అందువల్ల వాస్తవపరిస్థితి ఈ లెక్కకన్న కఠినంగానే ఉంటుంది. సవరించిన పథకంలో పవర్ బ్యాకప్‌ను, పదేళ్ళ నిర్వహణను, దూరం నుండే ఫైబర్ లోపాన్ని కనిపెట్టే వ్యవస్థను చేర్చడం ఈ దృష్ట్యా సరియైన నిర్ణయం. బ్యాటరీని అనుబంధవస్తువుగా చూసే అలవాటు మన కార్యాలయాలలో ఉంది. వలయనిర్మాణంలో బ్యాటరీ కూడా ప్రమాణంలో భాగమేనని గుర్తించాలి.

ఇక కందకాల విషయం. తాగునీటి గొట్టాల వ్యవస్థ స్వభావరీత్యా చెట్టువంటిది. జలాశయం నుండి శుద్ధికేంద్రానికి, అక్కడినుండి ట్యాంకులకు, ట్యాంకుల నుండి ఊళ్ళకు శాఖలుగా చీలుతుంది. నీటిని మళ్ళీ వెనక్కు తెచ్చి కలపవలసిన అవసరం దానికి లేదు. ఆ కందకంలోనే ఫైబర్ వేస్తే తవ్వకపు ఖర్చు మిగులుతుంది. కాని ఫైబర్‌కు చెట్టు ఆకారమే సంక్రమిస్తుంది. దానిపై వలయం నిర్మించాలంటే కొమ్మల కొనలను ఒకదానితో ఒకటి కలిపే కొత్త తవ్వకాలు తప్పవు. అలా కాకుండా ఒకే కందకంలో పోవు ఫైబరును, వచ్చు ఫైబరును పక్కపక్కన ఉంచి దానిని వలయమని పిలిస్తే, పటంలో వలయం ఉంటుంది, జేసీబీ పంటికి రెండూ ఒకేసారి తెగుతాయి. పోలికకు ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ తీసుకొన్న దారి చెప్పుకోవాలి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా ప్రారంభమైన ఆ నెట్‌వర్క్ భూమిని తవ్వకుండా విద్యుత్ స్తంభాలపై ఫైబరును లాగింది. గాలివానకు గురికావడం దాని బలహీనత. తెగినచోటు కంటికి కనిపించడం దాని బలం.

6. కుసుమంచి, చర్ల - భూగోళం చెప్పే తీర్పు:
కుసుమంచి మండలంలో పాలేరు, నాయకన్‌గూడెం, జీళ్ళచెరువు వంటి ఊళ్ళు ప్రధానరహదారిని, దానిని చీలిపోయే గ్రామీణరోడ్లను ఆశ్రయించి ఉన్నాయి. ఊరినుండి ఊరికి ఒకటికన్న ఎక్కువ దారులున్న మైదానప్రాంతం కనుక నిజమైన వలయం ఇక్కడ తక్కువ అదనపు తవ్వకంతో సాధ్యం. రహదారి విస్తరణల వల్ల ఫైబర్ తెగే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఇటువంటి చోటనే. ఇక్కడ ఐపీ-ఎంపీఎల్‌ఎస్ వలయాన్ని సమర్థించవచ్చు.

భద్రాచలం దాటితే పరిస్థితి వేరు. దుమ్ముగూడెం, చర్ల మండలాలకు వెళ్ళే రోడ్డు గోదావరి ఎడమగట్టు వెంబడి సాగుతుంది. ఒకవైపు నది, మరొకవైపు ఛత్తీస్‌గఢ్ వరకు అడవి. వలయాన్ని మూయాలంటే ఆ రోడ్డునే పట్టుకొని వెంకటాపురం మీదుగా పూసూరు వరకు పోయి, ముల్లకట్ట వంతెనపై గోదావరిని దాటి, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరుల మీదుగా కుడిగట్టున తిరిగి భద్రాచలం చేరాలి. అనేక మండలాలు, రెండు జిల్లాలు కలిసిన వలయమది. అందులోని ప్రతి పంచాయతీలో రౌటర్ ఉంచితే, పై విభాగంలో చూసిన కరెంటు సమస్య గొలుసు పొడవుతోపాటు పెరుగుతుంది. మన గొలుసుకట్టు చెరువులలో పైచెరువు తెగితే కిందిచెరువుకు ముప్పు వచ్చినట్లే ఇదీ.

ఇటువంటి చోట మిశ్రమనిర్మాణం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మండలకేంద్రాలను మాత్రమే, నమ్మకమైన బ్యాటరీ లేదా సౌరవిద్యుత్తు ఉన్నచోట్లను మాత్రమే, ఐపీ-ఎంపీఎల్‌ఎస్‌తో పెద్దవలయంలో కలపాలి. అక్కడినుండి లోపలి గూడేలకు జీపాన్ శాఖలు వేయాలి. దారిలో కరెంటు అక్కరలేని స్ప్లిట్టర్ అడవిలోని ఊళ్ళకు పెద్ద వరం. శాఖలను 16కు మించనీయకపోతే కాంతినష్టపు ఖాతాలో భవిష్యత్తు అతుకులకు తగినంత మిగులు ఉంటుంది. జీపాన్ అంటే తప్పనిసరిగా ఏకకాండమే అన్న భావన కూడా సరికాదు. రెండు ప్రధానయంత్రాల నుండి రెండు కాండాలను ఒకే స్ప్లిట్టర్‌కు చేర్చే టైప్-బి రక్షణ జి.984లోనే వివరించబడింది. దానికి రెండవ మార్గం కావాలి, ఖర్చు కొంత పెరుగుతుంది. అయినా ప్రతి పంచాయతీలో రౌటర్ ఉంచి దాని బ్యాటరీని పదేళ్ళు కాపాడే ఖర్చుతో దానిని పోల్చి చూడాలి.

ఈ పోలిక చేయదలచిన పరిశోధకులకు అందుబాటులో ఉండవలసిన సమాచారం మూడు రకాలది: పంచాయతీలవారీగా కరెంటు ఆగిన గంటలు, ఫైబర్ తెగిన తేదీలు, ప్రతి అతుకు వద్ద కొలిచిన నష్టం. మొదటిది విద్యుత్ సబ్‌స్టేషన్ల రికార్డులలో, మిగిలిన రెండూ నిర్వహణసంస్థల వద్ద ఉంటాయి. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ఒక్క మండలానికి ఒక్క ఏడాదిపాటు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగితే, 5వ విభాగంలో ఊహించి వేసిన 2 శాతం, 10 శాతం స్థానంలో నిజమైన అంకెలు వేసి ఆ లెక్కను మళ్ళీ చేయవచ్చు.